ఉరుము తప్పు పాడిన రోజు

మా చెల్లెలికి వినపడదు. ఈ మాట మొదటే చెప్పేస్తే ఒక పనైపోతుంది, ఎందుకంటే మీరు ఎలాగూ "అయ్యో పాపం" అంటారు. అనేశారుగా? ఇంక అక్కడితో ఆపండి. పుట్టినప్పటి నుంచీ దానికంతే. దానికి లేని బెంగ మీకెందుకు? అది పెద్ద సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది. అక్కడ మిగతావాళ్ళందరికీ డ్రయ్యర్ల రొదతో తలనొప్పి, దీనికి ఆ గొడవే లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళ గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మొహం ఇటు తిప్పుతుంది, అటు తిప్పుతుంది, కదిలితే నెత్తి మీద ఒకటి తట్టి నిటారుగా కూర్చోబెడుతుంది. ఎంత పెద్ద ఆఫీసరైనా దాని చేతికింద కిక్కురుమనడు.

నాదేమో వినే ఉద్యోగం. నీళ్ళ ఫిల్టర్లు అమ్మే కంపెనీలో ఫోన్ దగ్గర కూర్చుని ఫిర్యాదులు వింటాను. ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ ఈ రెండు చెవుల్లోనే పడతాయి. ఇంటికొచ్చి చెల్లెలి పక్కన కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. మేం మాట్లాడుకునేది చేతులతో. కొన్ని దాని బళ్ళో నేర్పిన సైగలు, కొన్ని మా వంటింట్లో పుట్టినవి. నేనిక్కడ "అంది" అని రాసినప్పుడల్లా చేతులతో అందని అర్థం చేసుకోండి, ప్రతిసారీ చెప్పే ఓపిక నాకు లేదు.

దాని భాషలో మనుషులకి గుర్తులుంటాయి. మా ఆయన మీసం తీసేసి ఏళ్ళు గడిచినా ఇప్పటికీ మీసం మెలేసే చూపిస్తుంది. నన్ను చూపించాలంటే చూపుడువేలు బెదిరిస్తున్నట్టు ఆడిస్తుంది. ఎందుకో మీకీపాటికి తెలిసే ఉంటుంది. అరచెయ్యి గుండెల మీద ఆనించి వణికించిందంటే ఉరుము.

ఉరుమంటే గాయని. అభిమానులు పెట్టిన పేరది. ఆవిడ గొంతు లోతుగా, నేల కిందనుంచి వచ్చినట్టు ఉంటుంది. మా హాల్లో టీవీ పక్కన నడుమెత్తు స్పీకరు పెట్టె ఒకటుంది. మా చెల్లెలు రోజూ సెలూన్‌నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని ఆ పెట్టె ముందు చతికిలబడుతుంది, రెండు అరచేతులూ దానికి ఆనిస్తుంది, ఉరుము పాటలు పెట్టమంటుంది. వేరేవాళ్ళవి పెడితే మొహం చిట్లిస్తుంది. "ఆ సన్నగొంతులు నా చేతికి అందవు" అంటుంది. వాటిల్లో ఒక పాటంటే దానికి పిచ్చి. రెండో చరణంలో ఒకచోట ఉరుము గొంతు కిందికి దించి, దించి, అక్కడే చాలాసేపు నిలబెడుతుంది. అది వచ్చేముందు మా చెల్లెలు కళ్ళు మూసుకుంటుంది. ఆ సమయంలో దాన్ని ఎవరైనా కదిపారో, అయిపోయారే!

ఉరుము మా ఊరికి వస్తోందని తెలిసిన రోజున అది నన్నడిగింది. "ఎదురుగా నిలబడి వింటే ఏంటి తేడా? పాట అదేగా?"

"అదెలా అవుతుందే! మనిషి ఎదురుగా పాడితే ప్రతిసారీ వేరేగా ఉంటుంది. ఊపిరి తీసే చోటు మారుతుంది. ఒకసారి ఎక్కువ లాగుతుంది, ఒకసారి తక్కువ. ఒక్కోసారి తప్పు కూడా పాడుతుంది."

దాని కళ్ళు ఇంతలేసి అయ్యాయి. "తప్పు పాడుతుందా? ఉరుమా?"

"మనిషేగా. ఎందుకు పాడదూ?"

అంతే, ఇంక పట్టు పట్టేసింది. "నాకు ఆ తప్పు కావాలి. ఇంట్లో ఉన్న పాట నాకు మొత్తం వచ్చేసింది అక్కా. ఇంట్లో లేనిది కావాలి." నిద్రలో కూడా చేతులు ఆడించిందంటే నమ్మండి. నాకూ గుండెల్లో గంతులే. ఇన్నాళ్ళకి దానికి నేనొకటి వినిపించబోతున్నాను!

కచేరీ రోజు మధ్యాహ్నమే ఇద్దర్నీ బయల్దేరదీశాను. మా ఆయన "ఇంత ఎండలో ఏం చేస్తామే అక్కడ" అని గొణిగాడు. స్టేజీకి ఆనుకుని, స్పీకరు పెట్టెలకి అందేంత దగ్గరగా, ముందు వరసలో నిలబడాలి మరి. ఆలస్యంగా వెళితే మనకోసం ఎవరైనా ఖాళీ ఉంచుతారా? గేటు తియ్యగానే ముగ్గురం పరుగే పరుగు. మా ఆయనకి చెప్పు ఊడిపోయింది, చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. చచ్చీచెడీ ఇనప కంచె పట్టుకున్నాం. కంచెకి అవతల, మాకు కాస్త ఎడమపక్కగా, జానెడు దూరంలో నల్లటి స్పీకరు పెట్టెలు, ఒకదానిమీద ఒకటి, ఇద్దరు మనుషుల ఎత్తున. మా చెల్లెలు కంచె సందులోంచి చెయ్యి పోనిచ్చి కింది పెట్టెను తాకింది. ఇంకా ఏమీ మోగట్లేదు, అయినా నావైపు తిరిగి నవ్వింది చూడండి, ఆ నవ్వుకోసం ఎంత ఎండలోనైనా నిలబడొచ్చు.

మైదానం నిండింది. ఇసకేస్తే రాలనంత జనం. ఉరుము రావలసిన వేళకి రాలేదు, మన జనం తమ వేషాలు మొదలుపెట్టారు. నా వెనకాల ఒకావిడ వీడియో కాల్‌లో ఎవరికో మైదానమంతా తిప్పి చూపిస్తూ "ఇదిగో మేమిక్కడ, ఇదిగో స్టేజీ, ఇదిగో నా గాజులు" అంటోంది. పక్కన ఒకాయన కూతుర్ని భుజాలమీద ఎక్కించుకున్నాడు, ఆ పిల్ల బూట్లు మా ఆయన చెవికి తగులుతున్నాయి. ఇద్దరు ప్రేమికులు స్టేజీకి వీపులు తిప్పేసి తమ ఫొటోలు తాము తీసుకుంటున్నారు. ఒక గుంపు ఊరికే కేకలు పెడుతోంది, ఎందుకో వాళ్ళకీ తెలియదు. నాకు ఒళ్ళు మండుతున్నా పళ్ళబిగువున ఊరుకున్నాను. మా ఆయన ఫోన్ పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు. "అంతా తీస్తా. ఇంటికెళ్ళాక మనం హాయిగా కూర్చుని చూసుకోవచ్చు" అన్నాడు.

"ఎదురుగా ఉన్నది ఇప్పుడు చూడొచ్చు కదండీ?"

"ఇప్పుడు ఈ జనంలో ఏం కనపడుతుందే!"

ఈయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

పొద్దు వాలాక దీపాలు వెలిగాయి, పొగ లేచింది, ఉరుము వచ్చేసింది! చెవులకి చిల్లులు పడేలా అరుపులు. నేనూ అరిచాను, ఎందుకు దాచాలి? మెరిసే నల్లకోటు, మెడకి ఎర్రటి స్కార్ఫు, చేతిలో వెండిరంగు మైకు. డ్రమ్ములు మొదలవగానే మా చెల్లెలు పెట్టెకి అతుక్కుపోయింది. కాళ్ళకింద నేలే అదురుతోంది. అది గెంతుతోంది, నన్ను గుద్దుతోంది, మళ్ళీ పెట్టె తాకుతోంది. రెండు మూడు గంతుల పాటలు అలాగే గడిచాయి. నాకు ఎంత గర్వంగా ఉందో! ఆ పాటలు నేనే కట్టి, నేనే పాడినట్టు ఫీలయ్యాను.

తర్వాత మా పాట మొదలైంది. దాని పాట.

అది కళ్ళు మూసుకుంది. మొదటి చరణం సగంలో తెరిచింది. మొహంలో వెలుగు పోయింది. చెయ్యి తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. అప్పుడు నావైపు తిరిగి, "ఇది మన ఇంటి పాటే" అంది.

"అవునే, నీ పాటే!"

"అది కాదు. ఇంట్లో ఉన్నదే. పెద్దగా ఉంది, అంతే. ఆవిడ పాడట్లేదు."

"పిచ్చిదానా, నోరు కదుల్తోంది, కళ్ళు కనపడట్లేదా?"

"నోరు కదుల్తోంది. గొంతు కదలట్లేదు. చూడు." దానికి కోపం వచ్చింది. ఎడమ చెయ్యి పెట్టెమీద, కుడిచెయ్యి నా మొహం ముందు పెట్టింది. "ఇప్పుడు ఊపిరి తీస్తుంది" అని వేలెత్తింది. తీసింది. "ఇప్పుడు లాగుతుంది" అని గీత గీసినట్టు వేలు జరిపింది. వేలు ఆగినచోటే గొంతూ ఆగింది. "ఇప్పుడు చిన్న వణుకు." వణికింది.  ఇన్నేళ్ళు మా హాల్లో ఈ పాట విన్నాను కదా, అది వేలెత్తిన ప్రతిచోటా ఒక్క పిసరు కూడా తేడా లేదు. రికార్డు వేసి పెదాలాడిస్తోంది మహాతల్లి!

ఇంక నన్నెవరు ఆపుతారు? కంచెమీద ఎక్కినంత పని చేసి, గొంతు చించుకుని అరిచాను. "పాడమ్మా! నువ్వు పాడు! రికార్డు మా ఇంట్లో కూడా ఉంది!"

వీడియో కాల్ ఆవిడ నా భుజం పట్టుకుని లాగింది. "ఏమ్మా, ఏంటా అరుపులు? వినాలనుకునేవాళ్ళని విననివ్వవా?"

"ఇందాకట్నుంచి గాజులు చూపించుకుంటున్నావు, నువ్వా వినేది? ఆవిడ పాడట్లేదు, తెలుస్తోందా?"

"నీకేమైనా చెవుడా? అంత చక్కగా పాడుతుంటే!"

"చెవుడు నాకు లేదు, దానికుంది! కనిపెట్టింది కూడా అదే!"

ఆవిడ నోరు తెరిచి మా చెల్లెల్ని చూసింది, వెంటనే ఫోన్ అటు తిప్పి అవతలివాళ్ళకి కూడా చూపించింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ సంగతి అలా ఉంచండి, మా చెల్లెలు పెట్టె మీదనుంచి చెయ్యి తీసేసింది. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుంది. దాని చేతులు జేబుల్లో ఉన్నాయంటే ఇంక మాట్లాడనని అర్థం. నేను ఆశ పెట్టాను, నేనే ఇంత దూరం లాక్కొచ్చాను. అది ఇంట్లో లేనిది ఒక్కటి కావాలంది, ఒక్కటి! అదీ ఇప్పించలేకపోయాను.

పాట మధ్యలో వాయిద్యాలు వాయిస్తున్నప్పుడు ఉరుము మెట్లు దిగింది. కంచె పొడుగునా నడుస్తూ అందరి చేతులూ తాకుతూ వస్తోంది. జనం వెనకనుంచి విరుచుకుపడ్డారు, నా పక్కటెముకలు కంచెకి నొక్కుకుపోయాయి. వేల ఫోన్లు గాల్లోకి లేచాయి. చేతులకన్నా ఫోన్లే ఎక్కువ, పాపం ఆవిడ రెండు మూడు ఫోన్లకి కూడా షేక్‌హ్యాండ్ ఇచ్చింది. నేను చెల్లెల్ని మోచేత్తో పొడిచాను. "వస్తోందే! చెయ్యి తీయవే!"

ఉరుము మా ముందుకొచ్చి చెయ్యి చాపింది. మా చెల్లెలు జేబులోంచి చెయ్యి తీసింది. కానీ ఆ చెయ్యి పట్టుకోలేదు. సెలూన్‌లో ఎవరి తలనో తిప్పుతున్నట్టు రెండువేళ్ళు ఉరుము గడ్డం కింద పెట్టి మొహం పైకెత్తింది, ఎర్ర స్కార్ఫు పక్కకి జరిపింది, అరచెయ్యి తీసుకెళ్ళి ఆవిడ గొంతుమీద ఆనించింది.

 కొండలాంటి గార్డు ఒకడు "ఏయ్!" అంటూ దూకాడు. "కొట్టకయ్యా, దానికి వినపడదు!" అని నేను అరుస్తున్నాను, ఆ హోరులో నా అరుపు నాకే వినపడలేదు. ఉరుము ఒక చెయ్యెత్తి గార్డుని ఆపింది. ఎందుకు ఆపిందో నాకు తెలియదు. రోజూ ఎంతోమంది తలలు నిమిరే చెయ్యి కదా అది, మెత్తగా ఉంటుంది. బహుశా అందుకేనేమో. ఆవిడ మెడ దగ్గర గొంతునొప్పికి రాసే మందు వాసన నా ముక్కుకి ఘాటుగా కొట్టింది.

ఆ గొంతులో ఏమీ కదలట్లేదన్నట్టు మా చెల్లెలు తల అడ్డంగా ఊపింది. తన చెవి చూపించి, చెయ్యి ఆడించి, ఇది పనిచెయ్యదని చెప్పింది. తర్వాత ఎడమ చెయ్యి తన గుండెల మీద పెట్టుకుని వణికించింది, ఉరుము పేరు ఉరుముకే చెప్పింది. మళ్ళీ ఆ గొంతుమీద రెండు వేళ్ళతో తట్టింది. ఊఁ, కానీ, అన్నట్టు.

ఉరుము కళ్ళు దాని మొహం మీదే ఉండిపోయాయి. పెట్టెల్లోంచి రెండో చరణం మొదలైపోయింది. ఆవిడ నోరు కదపలేదు. వెండి మైకున్న చెయ్యి నెమ్మదిగా నడుం దగ్గరికి దించేసింది. కళ్ళు మూసుకుంది, నోరు తెరిచింది. అప్పుడు చూశానండీ, ఆవిడ మెడనరాలు పొంగాయి! పీకదగ్గర కండ పైకీ కిందికీ ఆడింది. నుదుటిమీద చెమట జారింది.

మా చెల్లెలి మొహం! నేను ఆ మొహాన్ని దాని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, అంత వెలుగు ఎన్నడూ చూడలేదు. నేను తల కంచెమీదనుంచి వీలైనంత ముందుకి వంచాను, చెవి ఉరుము నోటికి మూరెడు దూరంలో పెట్టాను. ఒక్క ముక్క వినపడితే ఒట్టు. పెట్టెల్లోంచి రికార్డు నా తలని బద్దలు కొడుతోంది.

ఇక్కడ మీకు అసలు విషయం చెప్పాలి. మైకు నడుం దగ్గర వేలాడుతోంది. పాట మాత్రం మైదానమంతా మోగిపోతోంది. వేలమంది చూస్తున్నారు, వేల ఫోన్లు చూస్తున్నాయి. ఒక్కరంటే ఒక్కరు "అదేంటి, మైకు అక్కడుందిగా?" అనలేదు. అందరూ పాటతోపాటు అరుస్తూ ఊగుతున్నారు. వీడియో కాల్ ఆవిడైతే కళ్ళు తుడుచుకుంటూ "ఎంత బాగా పాడుతోందో" అని అవతలివాళ్ళకి చెబుతోంది.

చరణం అయిపోయాక ఉరుము కళ్ళు తెరిచింది. రొప్పుతోంది. అప్పుడు తన అరచెయ్యి తన గుండెల మీద పెట్టుకుని వణికించింది, మా చెల్లెలు చేసినట్టే. చేసి, నవ్వి, స్కార్ఫు సర్దుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. తర్వాత పాటలకి మా చెల్లెలు పెట్టె వైపు చూస్తే ఒట్టు. తన అరచేతినే చూసుకుంటూ నిలబడింది.

ఇంటికెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. అందరూ ఎగిరెగిరి మాట్లాడుతున్నారు. "షో అంటే అదీ!" "గొంతు ఏమాత్రం తగ్గలేదు, అచ్చం రికార్డులాగే ఉంది!" అని ఒకాయన మెచ్చుకుంటుంటే నేను పెదవి కొరుక్కున్నాను. మా ఆయన సీట్లో కూర్చుని ఫోన్లో తీసిందంతా చూసుకుంటున్నాడు. "ఉరుము మనదగ్గరికి వచ్చిందా? ఎప్పుడు? అరెరే, అప్పుడు నేను పెద్ద స్క్రీన్ తీస్తున్నానే! స్క్రీన్ మీద మంటలు భలే ఉన్నాయి, చూడు."

"మీరే చూసుకోండి" అన్నాను. చెల్లెలి వైపు తిరిగాను. ఇందాకట్నుంచీ అడగడానికి భయపడుతున్నాను. "పాడిందా?"

అది ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టుంది, ఒక్కసారిగా చేతులు పరుగెత్తాయి. "పాడింది! గొంతు పోయింది ఆవిడకి అక్కా, మొత్తం పోయింది. గరుకుగా ఉంది, నేలమీద కుర్చీ ఈడ్చినట్టు. ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఆవిడకి నొప్పిగా ఉంది, నాకు తెలిసింది. అయినా ఆపలేదు!"

గొంతు పోయిందా? అందుకా రికార్డు? నా కోపం సగం దిగింది. మిగతా సగం దిగలేదు. గొంతు బాగోలేదని ముందే ఒక్క మాట చెబితే ఎవరు కాదంటారు? బొంగురుగా ఒక్క పాట పాడినా మేం సంతోషంగా వినేవాళ్ళం. కానీ ఆ జనం వినేవాళ్ళా అంటే, ఏమో, నేను మాటివ్వలేను.

"కిందికి దించేచోటు?" అని అడిగాను. "అది కూడా పాడిందా?"

చెల్లెలు నా కుడిచెయ్యి పట్టుకుంది. తీసుకెళ్ళి తన గొంతుమీద ఆనించుకుంది. బస్సులో అంతమంది ఉండగా, కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచింది. అది గొంతు విప్పడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. చిన్నప్పుడు ఎవరో నవ్వారని మానేసింది. ఇప్పుడు నా అరచేతికింద ఏదో కదిలింది. గరుకుగా, నెమ్మదిగా, మెట్టుమెట్టుగా కిందికి దిగింది. దిగి, దిగి, ఎక్కువసేపు నిలబడాల్సిన చోటికి వచ్చింది. అక్కడ టక్కున తెగిపోయింది. ఒక గుటక. మళ్ళీ పైమెట్టు నుంచి మొదలుపెట్టి, తడబడుతూ, వేరేదారిలో దిగి, ఈసారి నిలబడింది. నిలబడే ఉంది. నా వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి దాకా వణికాయి. ఇది మా హాల్లో ఎప్పుడూ మోగలేదు. రికార్డులో లేదు. ఇది ఇవాళ్టిదే.

చుట్టూ ఉన్న తలలన్నీ మావైపు తిరిగాయి. ఎవరైనా నవ్వుతారేమోనని నేను బస్సంతా ఒకసారి ఉరిమి చూశాను. ఎవరూ నవ్వలేదు.

చెల్లెలు కళ్ళు తెరిచింది. నా చెయ్యి గొంతుమీదనుంచి తియ్యకుండానే ఇంకో చేత్తో, "తెగింది చూశావా? అక్కడే. తప్పు పాడింది. నువ్వు చెప్పావుగా, నిజమే అక్కా!" అంది.

నాకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, ఆనందం పట్టలేక దాని నెత్తిమీద ఒక్కటి మొట్టాను.

మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తాడు. "ఏంటంటోంది మా మరదలు? ఏంటంత సంబరం?"

"ఉరుము తప్పు పాడిందిట."

"తప్పా? ఎక్కడ? నాకేం వినపడలేదే!" అని ఆయన ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుని, పాట మళ్ళీ మొదటినుంచి వెతకడం మొదలుపెట్టాడు.